బంజారా హిల్స్‌లో హిల్స్ ఎక్కడ బ్రో? 250 కోట్ల ఏళ్ల బండలు, వాటిని ఎక్కిన తాళ్ల కథ

ఈ ఎపిసోడ్ మొత్తం రాళ్ల గురించి. అవును, రాళ్లే. స్కిప్ కొట్టే ముందు ఒక్క నిమిషం ఆగండి.

బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్... రెండు పేర్లలోనూ "హిల్స్" ఉంది. ఫుడ్ డెలివరీ యాప్‌లో రోజుకి రెండుసార్లు టైప్ చేస్తాం. కానీ ఆ హిల్స్ ఎక్కడున్నాయని ఎవరైనా అడిగితే ఏం చూపిస్తాం? రోడ్డు ఎత్తుగా ఉంటుంది, బైక్ సెకండ్ గేర్‌లోకి వస్తుంది, అంతే. కొండ మీద కొండలా ఫ్లాట్లు, షోరూములు, స్టూడియోలు. మరి ఆ బండలు ఏమయ్యాయి? ఎవరు వాటిని ఇల్లు చేసుకున్నారు, ఎవరు పగలగొట్టారు, ఎవరు ఎక్కారు? ఈ మూడు ప్రశ్నలే మన టాపిక్. మధ్యలో మీ ప్రాణాలకి పనికొచ్చే విషయం ఒకటుంది, తాడు గురించి. అది మాత్రం మిస్ అవ్వొద్దు.

అసలు ఈ రాళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. హిమాలయాలు పుట్టి సుమారు 5 కోట్ల ఏళ్లే అయింది. అంటే ఎవరెస్ట్ మన దుర్గం చెరువు బండ ముందు నిలబడితే "తాతయ్యా" అని కాళ్లకి దండం పెట్టాలి.

ఈ రాయి పైన తయారవలేదు. భూమి లోపల, కిలోమీటర్ల లోతులో, కరిగిన పదార్థం మెల్లగా చల్లారి గట్టిపడింది. తర్వాత కోట్ల ఏళ్లపాటు పైనున్న పొరలన్నీ అరిగిపోయాయి. పైన బరువు తగ్గే కొద్దీ రాయి వ్యాకోచించి బీటలు ఇచ్చింది. నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని. ఆ బీటల్లోకి నీళ్లు దిగాయి, మూలలు కొరికేశాయి, డబ్బాల్లాంటి రాళ్లు గుండ్లయ్యాయి. మట్టి కొట్టుకుపోయాక గుండు మీద గుండు మిగిలింది. "ఎవరో రాక్షసుడు తెచ్చి పేర్చినట్టుంది" అంటాం చూడండి, నిజానికి ఎవరూ పేర్చలేదు. ఉన్నచోటే ఉండి, చుట్టూ ఉన్నది పోయింది.

ఇంకో విషయం. గ్రానైట్ ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడుతుంది. క్లైంబింగ్ చేసేవాళ్లకి ఇది చాలా ముఖ్యం, మళ్లీ వస్తా దీని దగ్గరికి.

గోల్కొండలో ఫెయిలైన క్లైంబ్

మన సిటీలో రికార్డయిన అతి పెద్ద క్లైంబింగ్ ప్రయత్నం ఏది అంటే నేనైతే 1687 అంటాను. ఔరంగజేబు సైన్యం గోల్కొండను చుట్టుముట్టి నెలలు గడిచిపోయాయి. కోట లొంగట్లేదు. ఎందుకంటే కోట కట్టినవాళ్లు కొండని చదును చేయలేదు. గుండు ఎక్కడుందో అక్కడ గోడని ఆపారు, గుండు అయిపోయిన చోట మళ్లీ గోడ మొదలుపెట్టారు. బండే సగం కోట.

సేనాని ఫిరోజ్ జంగ్ ఒక ప్లాన్ వేశాడు. రాత్రిపూట, చప్పుడు లేకుండా, నిచ్చెనలు వేసి గోడ ఎక్కేయడం. ఖాఫీ ఖాన్ అనే చరిత్రకారుడు ఈ కథ రాశాడు. కొంతమంది పైదాకా వెళ్లారు కూడా. సరిగ్గా అప్పుడే ఒక కుక్క మొరిగింది. కాపలావాళ్లు లేచారు, నిచ్చెనలు తోసేశారు, ఎక్కినవాళ్లు పడ్డారు. ఇంకో కామెడీ ఏంటంటే, మనవాళ్లు గోడ ఎక్కేశారని ఒకాయన తొందరపడి పాదుషా దగ్గరికి పరిగెత్తి శుభాకాంక్షలు చెప్పేశాడు, ఇక్కడ విజయ వాద్యాలు కూడా మోగించేశారు. సమ్మిట్ అవ్వకముందే స్టోరీ పెట్టేయడం అన్నమాట.

సుల్తాన్ అబుల్ హసన్ తానీషా ఆ కుక్కకి బంగారు గొలుసు, జరీ కోటు ఇచ్చి గౌరవించాడట. కోట చివరికి అదే ఏడాది సెప్టెంబర్‌లో పడింది, అదీ ఎక్కి కాదు. లోపలి మనిషి అబ్దుల్లా ఖాన్ పన్నీ తలుపు తీస్తే పడింది. బండ మాత్రం ఓడిపోలేదు. ఈ ఫిరోజ్ జంగ్ కొడుకే తర్వాత హైదరాబాద్ మొదటి నిజాం. అంటే తండ్రి ఎక్కలేకపోయిన కోట కొడుకు వంశానికి దక్కింది.

బండని పగలగొట్టకుండా ఇల్లు కట్టినవాళ్లు

ఇప్పుడు బంజారా హిల్స్‌కి వద్దాం. పేరులోనే ఉంది, ఇది బంజారాలు, అంటే లంబాడీలు ఉన్న చోటు. సిటీవాళ్ల దృష్టిలో అప్పట్లో ఇది ఊరి బయట రాళ్లగుట్ట. నిజాం ప్రభుత్వంలో పెద్ద అధికారి నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ ఇక్కడికి వచ్చి ఇల్లు కట్టుకున్నాడు. పేరు బంజారా భవన్. బండల్ని తీసేసి కట్టలేదు, బండల్ని కలుపుకుని కట్టాడు. ఈయన తర్వాత గుజరాత్ రాష్ట్రానికి తొలి గవర్నర్ అయ్యాడు. పేరు ఎక్కడో విన్నట్టుంది కదా? ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్. ఆ ఎంఎన్‌జే ఈయనే.

1933లో రవీంద్రనాథ్ ఠాగూర్ హైదరాబాద్ వచ్చినప్పుడు ఈ కొండల్లో బస చేశాడు. ఈ రాళ్లని చూసి "కోహ్సార్" అని ఒక కవిత రాశాడు. కోహ్సార్ అంటే కొండల ప్రాంతం. నోబెల్ వచ్చిన కవి కవిత రాసిన రాళ్ల మీద ఇప్పుడు మనం పార్కింగ్ దొరకట్లేదని తిట్టుకుంటున్నాం.

తర్వాత 1960ల్లో చల్లగళ్ల నరసింహారెడ్డి చొరవతో జూబ్లీ హిల్స్ హౌసింగ్ సొసైటీ వచ్చింది. మద్రాసు నుంచి సినిమా మెల్లగా ఇటు కదిలింది. అక్కినేని నాగేశ్వరరావు గారు 22 ఎకరాల రాళ్ల నేలలో కట్టిన అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో మొదలైంది. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు కూడా ఇదే కొండల మీద. పాత సినిమాల్లో విలన్ గుర్రం మీద పారిపోతుంటే వెనక గుండ్లు కనిపిస్తాయి చూడండి, ఆ టైప్ లొకేషన్లు మనకి ఇంటి పక్కనే ఉండేవి. ఇప్పుడు ఆ గుండు కావాలంటే సెట్ వేసి థర్మోకోల్‌తో చేస్తున్నాం.

పగలగొట్టినవాళ్లు ఎవరు?

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. బండ కొట్టే చేతులు ఎవరివి? తరతరాలుగా రాయి కొట్టే వృత్తి వడ్డెరలది. ఎర్రటి ఎండలో సమ్మెట పట్టుకుని, బండలో వరుసగా బెజ్జాలు తొలిచి, చీలలు దిగ్గొట్టి, ఒక్క దెబ్బకి రాయి ఎటు చీలాలో అటే చీల్చేవాళ్లు. రాయిలో బీట ఎటు పోతుందో వాళ్లకి తెలిసినంత ఏ క్లైంబర్‌కీ తెలియదు. ఇదే రాయితో ఊళ్లు, గుళ్లు, కోటలు లేచాయి. వాళ్లు కొట్టింది చెయ్యికి సరిపడా. తర్వాత వచ్చిన డ్రిల్లింగ్ మిషన్, పేలుడు మందు... వాటికి సరిపడా అనే లెక్క లేదు. లాభం వడ్డెరలకి పోలేదు, ప్లాట్ అమ్మినవాళ్లకి పోయింది. కాబట్టి కోపం సమ్మెట మీద పెట్టుకోవద్దు.

1996లో కొంతమంది ఫొటోగ్రాఫర్లు, ఆర్టిస్టులు, ప్రకృతి ప్రేమికులు కలిసి "సొసైటీ టు సేవ్ రాక్స్" పెట్టారు. జర్మనీలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడ్డ ఫ్రౌకె క్వాడర్ అందులో ముఖ్యురాలు. ఐఏఎస్ అధికారి, హైదరాబాద్ చరిత్రకారుడు నరేంద్ర లూథర్ దానికి అధ్యక్షుడిగా ఉన్నారు. ఆయన బంజారా హిల్స్ ఇంట్లో, హాల్లోనే ఒక పెద్ద బండ ఉండేది. డెకరేషన్ కాదు బ్రో, బండ అక్కడ ముందే ఉంది, ఇల్లే దాని చుట్టూ వచ్చింది. రాళ్ల మీద "రాక్యుమెంటరీ" అని ఒక డాక్యుమెంటరీ కూడా తీశారు. 2021లో చనిపోయారు.

వీళ్ల పోరాటం వల్ల ఏం జరిగింది? 1981 నాటి హుడా నిబంధనల్లో ఒక హెరిటేజ్ రూల్ ఉండేది, రెగ్యులేషన్ 13 అనేవాళ్లు. పాత కట్టడాల కోసం పెట్టిన ఆ రూల్ కిందికి బండల్ని కూడా తెచ్చారు. మొదట తొమ్మిది రాతి సముదాయాలు జాబితాలోకి ఎక్కాయి, తర్వాత మరికొన్ని. చార్మినార్‌ని కాపాడినట్టు ఒక గుండుని కాపాడాలని చట్టం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. కానీ 2015 డిసెంబర్‌లో ఆ రెగ్యులేషన్‌నే ప్రభుత్వం తీసేసింది. 2017లో కొత్త తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. ఇలా కాగితం మీద రక్షణ ఒక జీవోతో వస్తుంది, ఇంకో జీవోతో పోతుంది. బండకి రెండో ఛాన్స్ ఉండదు. చెట్టు కొడితే ఇంకోటి నాటొచ్చు. 250 కోట్ల ఏళ్ల గుండుని కంకర చేశాక అన్‌డూ బటన్ లేదు.

ఎక్కేవాళ్లు

సరే, ఇప్పుడు మన గ్యాంగ్ దగ్గరికొద్దాం. ఆదివారం తెల్లవారుజామున ఖాజాగూడ వైపు వెళ్లండి. వీపు మీద పరుపు మోసుకుపోతున్నట్టు కొందరు కనిపిస్తారు. అది పరుపు కాదు, క్రాష్ ప్యాడ్. తాడు లేకుండా చిన్న గుండ్లు ఎక్కడాన్ని బౌల్డరింగ్ అంటారు, కింద పడితే ఆ ప్యాడే దిక్కు. తెల్లారే ఎందుకంటే, తొమ్మిది దాటితే మన బండ దోసె పెనం.

మన గ్రానైట్ మీద పట్టుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఏటవాలు బండ మీద రబ్బరు సోల్ రాపిడిని నమ్మి నిలబడాలి. దీన్ని స్లాబ్ అంటారు. బలం కన్నా బ్యాలెన్స్ ముఖ్యం. జిమ్ బాడీ ఉన్న అన్న జారిపోతుంటే, సన్నగా ఉన్న చెల్లి నడిచి పోయినట్టు పోతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు ముచ్చట.

"ఎడమ కాలు పైన పెట్టు రా!"
"ఏడ పెట్టాలె అన్నా, అక్కడ ఏం లేదు!"
"ఏం లేని చోటే పెట్టు, అదే స్టెప్పు!"
"తాడు టైట్ చెయ్ రా బై!"
"తాడు టైటే ఉంది అన్నా, నీ ధైర్యమే లూజ్ ఉంది."

ఈ జోకులు లేకపోతే క్లైంబింగ్ లేదు. కానీ గమనించండి, ఒక్క చోట మాత్రం జోకులు ఆగిపోతాయి. ఎక్కే మనిషి నేల వదిలే ముందు. హార్నెస్ బకిల్ చూశావా? ముడి చూశావా? కారాబినర్ లాక్ అయిందా? తాడు బిలే డివైస్‌లో సరిగ్గా పోతోందా? నీది నేను చూస్తా, నాది నువ్వు చూడు. మన సాఫ్ట్‌వేర్ భాషలో ఇది కోడ్ రివ్యూ. తేడా ఏంటంటే, ఇక్కడ బగ్ ప్రొడక్షన్‌లోకి వెళ్తే హాట్‌ఫిక్స్ ఉండదు. పక్కన ఇంకో రెండు టీములు ఎక్కుతుంటే "తాడు లాగు" అని ఊరికే అరవొద్దు, మీ పార్ట్‌నర్ పేరు పెట్టి పిలవండి. ఒకరి మాటకి ఇంకొకరు తాడు వదిలితే కథ అయిపోతుంది.

తాడు కథ

ప్రామిస్ చేసినట్టు, ఇప్పుడు తాడు. 1865 జూలై 14న యూరప్‌లో మాటర్‌హార్న్ శిఖరాన్ని మొదటిసారి ఏడుగురు ఎక్కారు. దిగేటప్పుడు ఒకరు జారారు, అందరూ తాళ్లతో ఒకరికొకరు కట్టుకుని ఉన్నారు, మధ్యలో తాడు తెగింది. నలుగురు చనిపోయారు. తెగింది వాళ్ల దగ్గరున్న వాటిలో బలహీనమైన తాడు. అప్పటి తాళ్లు చెట్ల నారతో చేసినవి. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో నైలాన్ వచ్చింది. 1953లో ఎడెల్‌రిడ్ అనే జర్మన్ కంపెనీ లోపల పోగులు, పైన అల్లిన తొడుగు ఉన్న తాడు చేసింది. ఇప్పుడు మనం వాడేది అదే రకం. 1932లో పుట్టిన అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య, యూఐఏఏ, 1960 నుంచి తాళ్లకి సేఫ్టీ ముద్ర వేస్తోంది. ఒంటి తాడుగా వాడే క్లైంబింగ్ తాడుకి 80 కిలోల బరువు కట్టి, గట్టిగా పడేస్తారు. కనీసం ఐదుసార్లు తెగకుండా ఆపాలి. అంతే కాదు, మొదటి పడటంలో మనిషికి తగిలే కుదుపు 12 కిలోన్యూటన్లు దాటకూడదు.

ఈ రెండో రూలే అసలు పాయింట్. తాడు తెగకపోతే చాలు అనుకుంటాం. తెగని తాడు కూడా చంపగలదు. సాగని తాడు మీద పై నుంచి పడితే ఆ దెబ్బ మొత్తం నడుముకి, వెన్నుకి తగులుతుంది. అందుకే ఎక్కడానికి సాగే తాడు, డైనమిక్. దిగడానికి, బరువులు లాగడానికి సాగని తాడు, స్టాటిక్. హార్డ్‌వేర్ షాపులో దొరికే నైలాన్ తాడు ఈ రెండూ కాదు. అది లారీ మీద లగేజీ కట్టడానికి.

కారాబినర్ కూడా అంతే. దాని మీద చిన్న అక్షరాల్లో నంబర్లు ఉంటాయి. నిలువునా లాగితే 20 కిలోన్యూటన్లు, అంటే దాదాపు రెండు టన్నుల బరువు ఆపాలన్నది ప్రమాణం. అదే అడ్డంగా తిరిగితే, లేదా గేట్ తెరిచి ఉంటే, ప్రమాణమే 7కి పడిపోతుంది. తాళంచెవికి వేసుకునే రంగురంగుల కొక్కెం కూడా చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది. దానికి మాత్రం ప్రాణం తగిలించకండి.

ఇక మన బండల స్పెషల్ సమస్యలు. ఉల్లిపొర అన్నాను గుర్తుందా? పట్టుకునే ముందు వేళ్లతో కొట్టి చూడండి. డొల్లగా మోగితే ఆ పొర ఊడొస్తుంది. వాన పడిన బండ మీదికి వెళ్లొద్దు. పైన పెద్ద తేనెపట్టు ఉందేమో ముందు చూడండి, కొండ తేనెటీగలు జోకులు అర్థం చేసుకోవు. హెల్మెట్ పైన ఉన్నవాళ్లకే కాదు, కింద తాడు పట్టుకున్నవాళ్లకి కూడా. రీల్‌లో హీరో లాంటి వాడు తాడు లేకుండా ఎక్కుతుంటే గుర్తుంచుకోండి, ఫ్రేమ్ బయట ఏముందో మీకు కనపడదు. సినిమా ఫైట్‌లో వైర్‌ని కంప్యూటర్‌లో చెరిపేస్తారు. చెరిపేశారంటే లేదని కాదు కదా.

మనకి తాడు కొత్త కాదు

క్లైంబింగ్ అంటే ఫారిన్ హాబీ, డబ్బున్నోళ్ల ఆట అని కామెంట్లు వస్తాయి. ఒకసారి ఊరికి వెళ్లి తాటిచెట్టు వైపు చూడండి. గీత కార్మికుడు నడుముకి మోకు వేసుకుని, పాదాలకి బంధం వేసుకుని, ముస్తాదుతో రోజూ ఎక్కుతాడు. అది తాడు టెక్నిక్ కాక ఇంకేంటి? తేడా ఒక్కటే. క్లైంబర్ పడితే పట్టుకునే రెండో తాడు ఉంటుంది, ఆయనకి లేదు. "మోకు జారి గీత కార్మికుడి మృతి" అని పేపర్‌లో ఎన్నిసార్లు చదివాం? సాఫ్ట్‌వేర్‌లో దీన్నే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. 2024లో తెలంగాణ ప్రభుత్వం "కాటమయ్య రక్షక కవచం" పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గౌడన్నల కులదైవం. కొండలెక్కేవాళ్ల హార్నెస్ ఆలోచన తాటిచెట్టు దాకా వచ్చింది. ఎంతమంది రోజూ వాడతారు, ఎక్కడం నెమ్మదిస్తే సంపాదన తగ్గుతుందా అన్నవి అసలు ప్రశ్నలు. కిట్ ఇచ్చేసి ఫొటో దిగడంతో పని అయిపోదు, నేర్పించాలి.

నేర్పిస్తే ఏమవుతుందో భువనగిరి చెబుతుంది. హైదరాబాద్‌కి దాదాపు 50 కిలోమీటర్లు. ఒకే బండ, దాని మీద కోట. పశ్చిమ చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి బిరుదు త్రిభువనమల్ల, ఆ పేరు మీదే త్రిభువనగిరి, అదే భువనగిరి. ఈ బండ మీదే సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలకి క్లైంబింగ్ నేర్పారు. వాళ్లలో నిజామాబాద్ జిల్లా పాకాలకి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా పిల్లాడు ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ మీద నిలబడ్డారు. పూర్ణకి అప్పుడు 13 ఏళ్ల 11 నెలలు. ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయిల్లో అతి చిన్న వయసు. పూర్ణది లంబాడీ కుటుంబం. బంజారా హిల్స్‌కి పేరిచ్చిన బంజారాల బిడ్డే. 2022కల్లా ఏడు ఖండాల శిఖరాలూ పూర్తి చేసింది.

మన ఫీల్డ్ మనిషి కూడా ఒకరున్నారు. నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు. ఐఐటీ, ఐఐఎం చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, 2006లో ఏడు ఖండాల శిఖరాలని 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు పోయాయి. ఆయన కథ ధైర్యం నేర్పుతుంది. ఎంత తెలిసినవాడికైనా కొండ కొండే అని కూడా నేర్పుతుంది.

మరి మనం ఏం చేయొచ్చు?

నాకు అర్థమైంది ఇది. గోల్కొండ వాళ్లకి బండ అవసరం, అందుకే ఉంచారు. మెహదీ నవాజ్ జంగ్‌కి, లూథర్‌కి బండ ఇష్టం, అందుకే ఉంచారు. ఎవరికీ అవసరం లేని, ఎవరూ ఇష్టపడని బండే కంకర అవుతుంది. ఖాళీగా కనిపించే రాయిని "వేస్ట్ ల్యాండ్" అంటారు. ప్రతి ఆదివారం ముప్పై మంది వచ్చే రాయిని అలా అనడం కష్టం. 2025లో కంచ గచ్చిబౌలి గొడవలో సుప్రీం కోర్టు ఏప్రిల్ 3న పనులు ఆపమంది. దానికి ముందు స్టూడెంట్స్ అక్కడే నిలబడ్డారు. ఆ చోటు తెలిసినవాళ్లు ఉన్నారు కాబట్టే గొంతు వచ్చింది.

కాబట్టి వెళ్లండి. మొదటిసారి ఒంటరిగా వద్దు. గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ లాంటి గ్రూపుతోనో, నేర్చుకున్నవాళ్లతోనో వెళ్లండి. ఎక్కడం ఇష్టం లేకపోతే సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ల రాక్ వాక్‌కి వెళ్లండి, నడిస్తే చాలు. బండ మీద పేర్లు, లవ్ సింబల్స్ రాయొద్దు. మీ లవ్ ఆరు నెలలు, బండ 250 కోట్ల ఏళ్లు, లెక్క సరిపోదు. బాటిళ్లు వెనక్కి తెండి. దర్గా, గుడి ఉన్న గుట్ట అయితే ముందు అక్కడివాళ్లని అడగండి.

మీ ఊర్లో పేరున్న బండ ఏది? ఏనుగు గుండా, తాబేలు గుండా, దెయ్యాల గుండా? పేరు, ఊరు కామెంట్‌లో పెట్టండి. వీలైతే ఈ వారమే ఒక ఫొటో తీసి, తేదీతో దాచుకోండి. పేరున్నదాన్ని, ఫొటో ఉన్నదాన్ని రాత్రికి రాత్రి మాయం చేయడం అంత ఈజీ కాదు. ఉంటా మరి.